చిన్న స్టేషన్ పలకడం లేదు

మా ఆయనకు కోపం వస్తే అరవరు. అరిచేవాళ్లతో ఎలాగోలా వేగవచ్చు. అరిచి, అలిసి, ఆకలేసి అన్నానికి వస్తారు. ఈయన నోరు కట్టేసుకుంటారు. పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పు ఎక్కువైందని వారం పాటు మాట్లాడకపోతే, ఇదేదో జబ్బనుకుని డాక్టరుకు చూపిద్దామా అని మా తోటికోడలిని అడిగాను. ఆవిడ నవ్వి, అన్నదమ్ములిద్దరికీ ఆ జబ్బుందని, దానికి మందు లేదని, మనమే అలవాటు పడాలని చెప్పింది. మా బావగారి భార్య ఆవిడ. నేను అక్కా అంటాను.

ఆ అన్నదమ్ములకు ఇంకో జబ్బు కూడా ఉంది, రేడియో. పాటలు వినే రేడియో కాదు. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ఒక సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్న తమలాంటి వాళ్లతో గాలిలో మాట్లాడుకునే రేడియో. దానివల్ల జీతం రాదు, పేరు రాదు, ఇంట్లో చోటు మాత్రం పోతుంది. బావగారు తంతి ఆఫీసులో పనిచేశారు. ఆయన బతుకంతా చెవులతోనే. వాన చప్పుడులో, పక్క మిషను మోతలో, టిక్కుటిక్కుమనే సన్నటి సవ్వడి విని అక్షరాలుగా రాసుకున్న మనిషి. మా ఆయన కరెంటు ఆఫీసులో మీటర్లు పరీక్షించే లాబ్‌లో పనిచేశారు. ఈయన బతుకంతా కళ్లతో. ముల్లు ఎక్కడ ఆగింది, గీతకు ఇటా అటా అని చూడటమే పని. బిల్లు ఎక్కువొచ్చిందని జనం తగువుకొస్తే, మీటరు విప్పి పరీక్షించి, మనుషులు అబద్ధం చెబుతారు గాని మీటరు చెప్పదని తేల్చి పంపేవారు. ఉద్యోగం నుంచి ఈయన రిటైరయ్యారు గాని ఆ మాట రిటైర్ కాలేదు.

రేడియో వాళ్లంతా బావగారిని పెద్ద స్టేషన్ అనీ, మా ఆయన్ని చిన్న స్టేషన్ అనీ పిలిచేవారు. వినడానికి ముద్దుగా ఉండేది. ఆ పేర్లతోనే ఒకరోజు కొంప మునిగింది.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీళ్ల రేడియోలే దిక్కయ్యాయి. అలాంటప్పుడు గాలిలో ఒక పద్ధతి ఉంటుంది. ఒకరు పెద్దగా కూర్చుంటారు. కంట్రోల్ అంటారు ఆయన్ని. ఆయన పిలిస్తేనే పలకాలి, ఆయన ఊ అంటేనే మాట్లాడాలి. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ చేరదు. ఆ రోజు కంట్రోల్ బావగారు. ఆసుపత్రికి మందుల కబురు నడుస్తుంటే మా ఆయన మధ్యలో దూరారు. వంతెన సంగతేదో చెప్పాలని ఈయన ఆత్రం. పనికొచ్చే మాటే పాపం. కానీ పిలవకుండా పలికారు, అదీ మళ్లీ మళ్లీ. కంటి మీద కునుకు లేని గొంతుతో బావగారు అన్నారు:

"చిన్న స్టేషన్, నోరు మూసుకుని పక్కకి తప్పుకో. నీ సోది వినడానికి ఇక్కడెవరూ ఖాళీగా లేరు."

ఊళ్లకు ఊళ్లు విన్నాయి. మా ఆయన సెట్టు కట్టేసి లేచారు. మళ్లీ అన్నగారితో మాట్లాడలేదు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు మొదలై, మేం లిఫ్టు ఉన్న ఈ ఫ్లాటుకు మారాం. పాత ఇంటి మీది ఎత్తైన మాస్టు స్తంభమూ, దానికి కట్టిన తీగలూ ఎవరికో ఇచ్చేశారు. సెట్టు మాత్రం అట్టపెట్టెలో అటకెక్కింది. బంధువుల పెళ్లిళ్లలో అన్నగారు ఈ మూల కూర్చుంటే ఈయన ఆ మూల. నేనూ అక్కా వంటల వెనక కలుసుకుని, మొగుళ్లిద్దరినీ తనివితీరా తిట్టుకుని, ఎవరి మూలకు వాళ్లం వెళ్లేవాళ్లం. ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

పోయినేడు బావగారు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రిలో పడ్డారు. కోలుకుని ఇంటికొచ్చాక అక్క నాకు ఫోన్ చేసింది. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆయనకు ఒకటే ఆలోచనట. తమ్ముణ్ణి నలుగురు వినగా అన్నాను, నలుగురు వినగానే ఆ మాట వెనక్కి తీసుకోవాలి అన్నారట. ఫోన్‌లో చెప్పేయండి, పోతుంది కదా అని అక్క అంటే, వీధిలో కొట్టి ఇంట్లో దణ్ణం పెట్టడం తనకు చేతకాదన్నారట. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్న పాత రేడియో వాళ్లంతా గాలిలో చేరతారు, కంట్రోల్‌గా బావగారే కూర్చుంటారు. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తాను, వాడు ఒక్కసారి ఉన్నానంటే చాలు, మిగతాది నేను చెప్పుకుంటాను అన్నారట. ఎదుట లేని మనిషికి క్షమాపణ చెప్పడం కుదరదు కదా.

ఆ సంగతి నేను వడ్డిస్తూ చెప్పాను. ఈయన విననట్టే తిని, కంచం పట్టుకుని లేచారు. మర్నాడు పొద్దున్నే మోటార్లకు తీగ చుట్టే షాపుకు వెళ్లి సన్నటి రాగి తీగ, ప్లంబరు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క పట్టుకొచ్చారు. ఏమిటవి అంటే ఏం లేదన్నారు. సంతోషం వచ్చినా నోరు కట్టేసుకునే మనిషి మరి.

చిక్కల్లా చోటుతోనే వచ్చింది. అన్నగారి ఊరికి మాట చేరాలంటే కావలసిన తీగ పొడవు మా బాల్కనీ నుంచి రోడ్డు దాటి అవతలి మందుల షాపు బోర్డు దాకా ఉంటుంది. మా బాల్కనీలో రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి గుమ్మంలో నిలబడాలి. డాబా మీద కట్టుకుంటామని అడిగితే అసోసియేషన్ సెక్రటరీ ససేమిరా అన్నారు. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. భవనం మొహం మీద గీత పడకూడదు ఆయనకు. బట్టలు కూడా రెయిలింగు కంటే పైకి ఆరేయనివ్వరు. మా ఆయన రేడియో సంగతి వివరించబోతే, ఇప్పుడు రేడియో కూడా ఫోన్‌లోనే వస్తోంది కదండీ అన్నారట. ఈయన ఇంటికొచ్చి, జీవితమంతా జనం నోళ్లలోకి తొంగిచూసినవాడికి ఆకాశం ఎలా అర్థమవుతుంది అని గొణిగారు.

సరే, ఉన్న చోట్లోనే సర్దాలి. బట్టల దండెం వెనక, గోడ వారగా, తీగను అటూ ఇటూ వంకర్లు తిప్పి కట్టారు. అది ఏ మూలకూ చాలలేదు. తక్కువైన పొడవుకు బదులుగా పైపు ముక్క మీద తీగను ఒత్తుగా చుట్టాలి. దాన్ని కాయిల్ అంటారు. ఇంకో తీగ హాల్లో గోడ అంచు వెంట, చాప కింద నుంచి పడకగది గుమ్మం దాకా వెళ్లింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ జాగ్రత్త, కాలు తట్టుకుంటుంది అని చెప్పడం నా ఉద్యోగమైంది.

కాయిల్ చుట్టడానికి నేనూ కూర్చున్నాను. నేను పైపు తిప్పుతుంటే ఈయన వేళ్ల మధ్య నుంచి తీగ వదిలేవారు. చుట్టు మీద చుట్టు ఎక్కితే అంతా విప్పి మళ్లీ మొదలు. గట్టిగా పట్టుకో, వదులుగా తిప్పు అని రెండూ ఒకే నోటితో చెప్పేవారు. నా చేతులు కూడా మీవే అనుకుంటే మీరే చుట్టుకోండి అని ఒకసారి పైపు ఆయన ఒళ్లో పడేసి లేచాను కూడా. ఆ తర్వాత నా వెనకే వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఇన్నేళ్ల కాపురంలో పిల్లల్ని కనడం మినహాయిస్తే మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే. నాకు బాగుంది. ఆ కాయిల్ చూడ్డానికి కూడా ఎంతో బాగుండేది, ఎక్కడా సందు లేకుండా, ఎర్రగా నిగనిగలాడుతూ.

తర్వాత దాన్ని కుదర్చడం. పక్కన ఒక మీటరు పెట్టారు. సెట్టు నుంచి పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో ఆ ముల్లు చెబుతుంది. తీగ సరిగ్గా కుదరకపోతే పంపింది తీసుకోకుండా వెనక్కి తంతుంది, ముల్లు పైకి లేస్తుంది. కుదిరితే ముల్లు అడుగున పడుకుంటుంది. కాయిల్ మీద క్లిప్పు కాస్త జరపడం, లోపలికొచ్చి మీటరు చూడటం, మళ్లీ వెళ్లి జరపడం. బాల్కనీకీ హాలుకీ మధ్య తిరిగి తిరిగి ఆ మోకాళ్ల మనిషి మోకాళ్ల సంగతే మర్చిపోయారు. ఒక సాయంత్రం నన్ను కేకేసి చూపించారు. ముల్లు అడుగున కదలకుండా ఉంది. ఒకటికి ఒకటి అన్నారు. అంతకంటే మంచి అంకె లేదట, ఇంత పొట్టి తీగకు అది రావడం తాను ఎక్కడా వినలేదట. పిట్ట కొంచెం కూత ఘనం అని తన తీగను తానే మెచ్చుకున్నారు. పంపిందంతా వెళ్లిపోతోంది, ఒక్క చుక్క తిరిగి రావట్లేదు అంటే నేనూ మురిసిపోయాను. పొద్దున్న బడికని వెళ్లిన పిల్లాడు ఇంటికి రాలేదంటే బళ్లోనే ఉన్నాడనుకునే తల్లిదండ్రుల్లా ఉన్నాం ఇద్దరం.

కొత్త తీగ కట్టగానే రేడియో వాళ్లెవరైనా ముందు చేసే పని ఒకటుంది. ఎవరో ఒకరిని పిలిచి, నా మాట ఎలా వినబడుతోంది అని అడుగుతారు. ఈయన కూడా జన్మంతా అలాగే చేశారు. ఈసారి చేయలేదు. ఈ తీగ మీద మొదటి మాట అన్నయ్యకే వెళ్లాలి అన్నారు. అలిగి కూర్చోవడం తప్ప తెలియని మనిషి నోట అంత మెత్తని మాట విని నాకు కళ్లు చెమర్చాయి. ఎంత బాగా అన్నారో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఒక్కరోజు ఆయన ఎప్పటిలాగా మొండిగా, మామూలుగా ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. రేడియోలో చొక్కా కనబడదు కదా అంటే నవ్వలేదు. ఫ్యాను ఆపించారు. ఫ్రిజ్ కూడా ఆపించారు. గరగరల మధ్య నుంచి బావగారి గొంతు వచ్చింది. జబ్బు పడి లేచిన గొంతు, కాస్త సన్నబడింది, కానీ తీరు అదే. ప్రతి మాటా తూచి ఇచ్చినట్టు విడివిడిగా. ఒక్కొక్కరినీ పిలిచారు, ఒక్కొక్కరూ పలికారు. అందరూ అయ్యాక ఆగి, ఇంకొంచెం నెమ్మదిగా అన్నారు:

"చిన్న స్టేషన్. చిన్న స్టేషన్ ఉన్నాడా?"

మా ఆయన మైకు నొక్కి, తన లైసెన్సు అక్షరాలు చెప్పి, ఉన్నాను అన్నయ్యా అన్నారు. మైకు వదిలి ఎదురుచూశారు. ఉత్త గరగర. బావగారు మళ్లీ పిలిచారు, ఈయన మళ్లీ పలికారు. కాసేపాగి ఆ గొంతు, చిన్న స్టేషన్ పలకడం లేదు, సరే ముందుకెళ్దాం అంది. ఈయన మొహం నేను చూడలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ స్విచ్చి వేశాను.

అక్కకు ఫోన్ చేస్తే, ఆయనకు ఒక్క ముక్క వినబడలేదట, తమ్ముడు రాలేదని దిగులుపడుతున్నారట. అదే ఈయనతో చెబితే నన్ను మీటరు ముందుకు తీసుకెళ్లి ముల్లు చూపించారు. ఆయన మాట మనకు వినబడుతోంది, మన మాట ఆయనకెందుకు వినబడదు అన్నారు. నాకూ న్యాయంగానే తోచింది. మిగతా వాళ్లయినా విన్నామని చెప్పొచ్చుగా అంటే, కంట్రోల్ ఊ అననిదే ఎవరూ నోరు విప్పరు, అది పద్ధతి, ఆ పద్ధతి కోసమేగా నన్ను అంతలేసి మాటలన్నాడు అన్నారు.

మరుసటి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారం బావగారు అందర్నీ మౌనంగా ఉండమన్నారు. చిన్న స్టేషన్ బాగా సన్నగా వస్తున్నాడేమో, ఎవరూ మైకు ముట్టుకోకండి, నన్ను విననివ్వండి అని చాలాసేపు ఆగారు. మా ఆయన గొంతు చించుకున్నారు. కింద మందుల షాపతను తలెత్తి మా బాల్కనీ వైపు చూశాడు. పక్క ఫ్లాటావిడ తలుపు కొట్టి, అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్లింది. వీధి వీధంతా వింది, వినాల్సిన మనిషి తప్ప. చిన్న స్టేషన్ పలకడం లేదు అన్నారు బావగారు, ఈసారి బాగా అలిసిపోయిన గొంతుతో.

మా ఆయన మైకు బల్ల మీద పెట్టి నావైపు తిరిగారు.

"పదిమందిలో నన్ను పిలవడం, పలికితే విననట్టు ఊరుకోవడం, లేడని అందరికీ చెప్పడం. అప్పుడు ఒక్కసారే అన్నాడు. ఇప్పుడు వారం వారం అంటున్నాడు."

బావగారు అలాంటి మనిషి కాదని నేను గట్టిగానే వాదించాను. అయితే నా మీటరు అబద్ధం చెబుతోందా అని అడిగారు. నాకు కాయిల్‌కీ కాకరకాయకీ తేడా తెలియదు. అన్నగారి మాటా మీటరు మాటా రెండూ ఎదురుగా ఉంటే, ఈయన మీటరు వైపే మొగ్గారు. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి కంటే, లాబ్‌లో అలవాటైన ముల్లు దగ్గరైంది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. మా మరిది నిజంగానే పిలుస్తున్నాడా, లేక నీ మాట కాదనలేక పిలిచానని నీతో అంటున్నాడా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. నా మొగుణ్ణి నేను ఎన్నయినా అంటాను, ఇంకొకరు అంటే మాత్రం ఊరుకోలేను. అక్క అయినా సరే.

"నా పిల్లల మీద ఒట్టు అక్కా. పక్కనే కూర్చుని వింటున్నాను. గొంతు పోయేలా పిలుస్తున్నారు. మీ ఆయనకే వినబడటం లేదు."

అక్క సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం కంట్రోల్‌గా ఇంకెవరిదో గొంతు. పెద్ద స్టేషన్ ఇకపై రారు అని ఒక్క మాట చెప్పి పని మొదలుపెట్టాడు ఆ మనిషి. చిన్న స్టేషన్ పేరు ఎవరూ ఎత్తలేదు. పారిపోయాడు చూశావా అని ఈయన సెట్టు కట్టేసి దాని మీద తువ్వాలు కప్పారు. అక్క నుంచి ఫోన్ లేదు. ఆవిడ చేయనిది నేనెందుకు చేయాలని నేనూ బిగుసుకు కూర్చున్నాను. ఆ ఇంటి జబ్బు కోడళ్లకు కూడా అంటుకుంటుందని అప్పుడే తెలిసింది.

వానలు మొదలయ్యాక ఈయన సెట్టు ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు. పక్క ఊళ్లో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నాడు, ఆయనా రేడియో మనిషే, ఆదివారాలు తప్పక గాలిలోకి వచ్చే మనిషి. తీసుకెళ్లడానికి వచ్చాడు. టీ తాగుతూ బాల్కనీలోని తీగ చూసి, చుట్టడం ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇంత కష్టపడి కట్టి మరి పలకలేదేం సార్ అని అడిగాడు. పలకలేదని ఎవరన్నారు అని మా ఆయన మొహం ముడుచుకున్నారు. డ్రైవరు కప్పు కింద పెట్టాడు.

"మేమంతా మీ కోసమే చెవులప్పగించి కూర్చున్నాం సార్. పెద్దాయన మమ్మల్ని ఊపిరి కూడా పీల్చుకోనివ్వలేదు. మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు."

ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? అన్న కాదు, తమ్ముడు కాదు, పాలివాడు కాదు. మా ఆయన తువ్వాలు తీసి, సెట్టు ఆన్ చేసి, మైకు నొక్కి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని డ్రైవరుకు ఇచ్చారు. మీటరు ముల్లు ఎప్పటిలాగే అడుగునే ఉంది. ఈయన దానివైపు చూడలేదు. బాల్కనీలోకి వెళ్లి, కొంతసేపయ్యాక ఇక ఆపమని కేకేసి, కాయిల్ మీద అరచెయ్యి పెట్టారు. పెట్టి తియ్యలేదు. నేను వెళ్లి లాగాల్సి వచ్చింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. పైపు లోపలివైపు మెత్తబడి కొద్దిగా వంగి ఉంది. సెట్టు నడిచేటప్పుడు ప్రమాదమని ఆ దరిదాపులకు నన్ను రానిచ్చేవారు కాదు, తానూ వెళ్లేవారు కాదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

పంపిందంతా ఆ సన్నటి తీగ చుట్టల్లో వేడైపోయిందట. మిగిలిందేమైనా ఉంటే రెయిలింగు ఇనుము, గోడలో ఇనుము మింగేశాయట. వినడానికి ఆపాటి తీగ చాలట, పలకడానికే చాలదట. వెనక్కి ఎంత వస్తోందని ఈయన మీటరును అడిగారు, ఏమీ రావట్లేదని అది నిజమే చెప్పింది. బయటికి ఎంత వెళ్తోందని దాన్ని ఎవరూ అడగలేదు. ఇదంతా ఈయన డ్రైవరుకు చెబుతున్నట్టుగా గోడతో చెప్పుకున్నారు. కాలేజీ పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది, కాలేజీ పిల్లలకు తెలిసిన సంగతి అని చాలాసార్లు అన్నారు.

అప్పుడు డ్రైవరు, పెద్దాయన సంగతి మీకు తెలియదా సార్ అని అడిగాడు. మాకేం తెలుసు? బావగారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ తప్పుకున్నారట. నా తమ్ముడు పిలుస్తున్నాడు, మరదలు ఒట్టేసి చెప్పింది, వాడు కట్టిన తీగ పలకకపోవడమనేది ఉండదు, కాబట్టి పోయింది నా చెవులే అన్నారట. మాకూ వినబడలేదండీ అని వీళ్లంతా చెబితే, మీకు వినబడకపోవచ్చు, వాడి పలుకు ఎంత సన్నగా వచ్చినా పట్టుకునేది చిన్నప్పటి నుంచీ నేనొక్కణ్ణే అన్నారట. చెవుల్లేనివాడు కంట్రోల్‌గా కూర్చుంటే రేపు ఆపదలో ఎవరి పిలుపో వినకుండా పోతుంది, ఆ పాపం నాకొద్దు అని స్టేషన్ మూసేశారట. తమ్ముడికి చెప్పొద్దని, తెలిస్తే వాడు బాధపడతాడని కూడా అన్నారట. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఒకరు మీటరును నమ్మి అన్నను దొంగను చేశారు, ఇంకొకరు తమ్ముణ్ణి నమ్మి తన చెవులనే తీసి పారేసుకున్నారు.

మర్నాడే బస్సెక్కాం. ఈయన దారంతా కిటికీలోంచి చూస్తూ, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకున్నారు. తప్పు నాది అనడం ఆయనకు అలవాటు లేదు, సాధన కావాలి.

బావగారి పెరట్లో ఎత్తుగా నిలబడి ఉండాల్సిన మాస్టు లేదు. దాన్ని ముక్కలు కోసి బీరపాదుకు పందిరి వేశారు. రేడియో గదిలో బల్ల మీద సెట్టు ఉన్నచోట నలుచదరంగా రంగు వెలవని మరక ఉంది, దాని మీద మందుల డబ్బా. బావగారు చెవిలో మిషను పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. అక్క ఆయన చెవి దగ్గర వంగి, ఎవరొచ్చారో చూడండి అని అరిచింది. ఆయన ప్రతి మాటకూ, ఏమన్నావు అని రెండోసారి అడుగుతున్నారు. వంటింట్లో అక్క నాకు చెప్పి ఏడ్చింది. చెవులు వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయని డాక్టరు అన్నాడట. బావగారే నమ్మక, పోరి మిషను పెట్టించుకున్నారట. వినబడదని కాదు, విన్నది నిజమో కాదోనని ఆయన భయమట.

నేను వచ్చేసరికి మా ఆయన అన్నగారి కుర్చీ పక్కన పీట మీద కూర్చుని ఉన్నారు. బాగా చిన్నగా అన్నారు:

"అన్నయ్యా, నా తీగ పలకలేదు. నీ చెవులు బాగానే ఉన్నాయి. తప్పు నాదే."

ఆ మాటను మాత్రం బావగారు రెండోసారి అడగలేదు. మొదటిసారే విన్నారు. తమ్ముడి మొహంలోకి చూసి, నెమ్మదిగా నవ్వారు. చిన్నప్పుడూ వీడు ఇంతేనమ్మా అన్నారు నాతో. తాను లాంతరు చిమ్నీ పగలగొడితే, తమ్ముడు నేనే పగలగొట్టానని నాన్నకు చెప్పి దెబ్బలు తిన్నాడట. మా ఆయన కందిన చెయ్యి చూపించారు, కాయిల్ సంగతి చెప్పారు, పైపు వంగిన సంగతి చెప్పారు. బావగారు అన్నీ శ్రద్ధగా విని, మీటరు ఎంత చూపించింది అని అడిగారు. ఒకటికి ఒకటి అని ఈయన ఒప్పుకోవాల్సి వచ్చింది.

"ఆ బాల్కనీలో, అంత పొట్టి తీగకి ఒకటికి ఒకటి తెప్పించావా? శభాష్ రా. అలాంటి తీగ పలకలేదంటే నేనెలా నమ్ముతాను? నా కోసం నీ పనిని నువ్వు తక్కువ చేసుకోకు."

మా ఆయన ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. మళ్లీ మాస్టు నిలబెడతాను, ఒక్క ఆదివారం కూర్చో అని బతిమాలారు. సెట్టు కాలేజీ పిల్లలకు ఇచ్చేశానని, ఆ కుర్చీ ఇక తనది కాదని బావగారు అన్నారు. నీతో అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది రా, అది ఇంట్లో అనేది కాదు, ఆ రోజు విన్నవాళ్లంతా వినాలి, ఇక నాతోనే పోతుంది అన్నారు. అని, తమ్ముడి తల మీద చెయ్యి వేశారు.

ఈయన నావైపు చూశారు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను బావగారి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పాను. వంగిన పైపు నేనూ చూశాను బావగారూ, మీ చెవులకేం కాలేదు, ఈయన మాట ఆ బాల్కనీ దాటి పోలేదు అన్నాను. ఆయన చెవి మిషను సవరించుకుని చివరిదాకా విన్నారు.

"నువ్వు పిల్లల మీద ఒట్టేసి చెప్పావు కదమ్మా, వాడు పిలిచాడని."

వేశాను. ఈయన పిలిచారు. ఆ ఒట్టులో ఒక్క ముక్క అబద్ధం లేదు. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు. అక్క టీ తెచ్చి అందరికీ ఇచ్చింది. కాసేపటికి బావగారు చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు వంగి, తమ్ముడు ఏమన్నాడు అని అడిగారు. మా ఆయన అసలు ఏమీ అనలేదు.